దిన దినపు పోరాటములో ఆదరణ

(మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ కూడికలలో చేసిన ప్రసంగ పాఠము. పఠన భాగములు: 1 రాజులు 17:8–16, 2 కొరింథీయులకు 1:3–7)



ఈ శతవార్షికోత్సవ దినములలో మనము అనేక గొప్ప సంగతులను జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఎడ్లబండ్ల మీద, కాలినడకన పల్లె పల్లెకు తిరిగిన సువార్తికులను, బడులు పెట్టినవారిని, ఆసుపత్రులు కట్టినవారిని, మందిరములకు పునాది రాళ్లు వేసినవారిని తలంచుకొని దేవుని స్తుతించుచున్నాము. అది తగినదే. అయితే నాకు ఇచ్చిన అంశము వేరు. దిన దిన జీవిత పోరాటములలో విశ్వాసమును, ఆదరణను మనము ఎట్లు కనుగొనగలము అన్నదే నా అంశము.

నూరేండ్ల సంఘ చరిత్ర అనగా నూరు క్రిస్మసు పండుగల చరిత్ర మాత్రమే కాదు. అది ముప్పది ఆరు వేలకు పైబడిన దినముల చరిత్ర. ఆ దినములలో ఎక్కువ భాగము పొయ్యి వెలిగించుటతోను, కూలికి పోవుటతోను, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మేలుకొనుటతోను, అప్పు వాయిదా కట్టుటతోను, తెల్లవారి మరల లేచుటతోను గడచినవి. ఆ దినముల సంగతి ఏ రిజిస్టరులోను వ్రాసిలేదు. అయినను సంఘము నిలిచినది ఆ దినముల మీదనే.

హతసాక్షులకు వచ్చిన శోధన గొప్పది. అది ఒక్కసారి వచ్చును, ఒక్కసారి ముగియును. మన శోధన చిన్నది. కాని అది ప్రతి ఉదయము మన గడప దగ్గర కూర్చుండియుండును. ఇక్కడ కూర్చున్నవారిలో కౌలుకు భూమి చేసి, మిరపకో పత్తికో పెట్టుబడి పెట్టి, వాన కొరకు ఆకాశము వంక చూచుచున్నవారు కలరు. పట్టా తమ పేర లేనందున బ్యాంకులో అప్పు పుట్టక, వడ్డీ వ్యాపారి దగ్గరకు పోవుచున్నవారు కలరు. డ్వాక్రా వాయిదా తేదీ దగ్గరపడగానే నిద్రపట్టని తల్లులు కలరు. గల్ఫు దేశమునకు పోయిన కుమారుని ఫోను కొరకు ఎదురు చూచువారు కలరు. భర్త త్రాగి వచ్చునేమో అని సాయంకాలమైతే గుండె దడ పుట్టు స్త్రీలు కలరు. డిగ్రీలు చదివి, పట్నములో ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి ఉండి, పోటీ పరీక్షలు వ్రాసి వ్రాసి అలసిన పిల్లలు కలరు.

దరఖాస్తులో మతము అను గడి దగ్గర కలము ఆగిపోవు యువకుడును మన మధ్య కలడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదాను విస్తరించినారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ప్రక్క ఇంటి పిల్లవానికిని ఇతనికిని ఒకటే పల్లె, ఒకటే కూలి, ఒకటే అవమానము. తేడా ఒక్క గడిలో వ్రాయు మాటలోనే ఉన్నది. విశ్వాసము అనునది ఈ యువకునికి ఆదివారపు సంగతి కాదు. అది అతని అన్నపు సంగతి.

వీరందరితోను దేవుని వాక్యము ఏమి చెప్పుచున్నది?

1. కష్టము అవిశ్వాసమునకు గురుతు కాదు

మొదట ఒక తప్పు బోధను తొలగించవలసియున్నది. విశ్వాసముంటే కష్టము రాదు, కష్టము వచ్చినదనగా విశ్వాసము చాలలేదు అని చెప్పువారు నేడు చాలమంది ఉన్నారు. ఈ మాట వినుటకు భక్తిగా ఉండును. కాని కష్టములో ఉన్నవాని చెవిని అది ఎట్లు పడునో ఆలోచించండి.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను సేవ చేయుచున్న పాస్టరేటులో ఒక తల్లి మందిరమునకు వచ్చుట మానివేసినది. ఆమె కుమారునికి మూత్రపిండములు పాడై, వారమునకు రెండుసార్లు పట్నములో డయాలిసిస్ చేయించవలసి వచ్చినది. ఎక్కడనుండియో వచ్చిన ఒక బోధకుడు ఆ ఇంట ప్రార్థన చేసి, జబ్బు తగ్గనందున, నీకు విశ్వాసము చాలలేదమ్మా అని చెప్పి వెళ్లిపోయినాడు. నేను ఆ ఇంటికి పోయినప్పుడు ఆమె అన్నది: "అయ్యగారూ, పిల్లోడి జబ్బు ఒక బాధ. నా విశ్వాసం చాలకే వాడికి తగ్గలేదన్న మాట ఇంకో బాధ. రెండోదే నన్ను తినేస్తోంది."

ప్రియులారా, ఈ రెండవ బాధ దేవుడు పెట్టినది కాదు. మనుష్యులు పెట్టినది. పౌలు తన శరీరములోని ముల్లు తొలగింపబడవలెనని మూడుసార్లు వేడుకొన్నాడు. ముల్లు తొలగలేదు. కృప మాత్రము దొరికినది. పౌలుకు విశ్వాసము చాలలేదని ఎవరు చెప్పగలరు? ఎపఫ్రొదితు ఫిలిప్పీ సంఘపు కానుకను మోసికొనివచ్చి, రోగియై చావునకు సిద్ధమైనాడు. పౌలు అతనిని గద్దింపలేదు. ఘనపరచమని సంఘమునకు వ్రాసినాడు. త్రోఫిము రోగిగా ఉండగా అతనిని మిలేతులో విడిచి వచ్చినట్లు పౌలు తానే వ్రాసినాడు. తిమోతికి కడుపు జబ్బు తరచుగా వచ్చుచుండెను. దానికి పౌలు చెప్పినది ఆ కాలమున తెలిసిన ఒక వైద్యము. నీకు విశ్వాసము తక్కువ అని కాదు.

వీరందరు అపొస్తలుని జతపనివారు. పౌలు చేతుల ద్వారా దేవుడు అనేకులను స్వస్థపరచిన మాట నిజమే. ఆ పౌలు ప్రక్కనే రోగులును ఉన్నారు. కాబట్టి మన ఇంట రోగముండుట, అప్పు ఉండుట, కన్నీరుండుట దేవుడు మనలను విడిచినాడనుటకు గురుతు కాదు. ప్రార్థన చేయండి, మందు మానవద్దు. మందు వాడుచున్నందున ప్రార్థనకు విలువ తగ్గదు. వైద్యుడైన లూకా పౌలుతోకూడ ప్రయాణము చేసినాడని మరువవద్దు.

2. ఆదరణ అనగా ఏమి?

కష్టము తొలగించుట ఒక్కటే దేవుని సహాయము కానియెడల, ఆయన ఇచ్చునది ఏమి? మన బైబిలు దానికి ఇచ్చిన పేరు ఆదరణ. ఈ మాటను కొంచెము పరిశీలింతము.

క్రొత్త నిబంధన గ్రీకు భాషలో 'పరాక్లేసిస్' అను పదము గలదు. ప్రక్కకు పిలుచుట అని దాని మూలార్థము. ప్రభువు పరిశుద్ధాత్మకు పెట్టిన 'పరాక్లేటోస్' అను పేరును ఆ మూలమునుండియే వచ్చినది. మన తెలుగు బైబిలులో ఆ పేరు ఆదరణకర్త. అయితే మన అనువాదకులు ఆ ఒక్క గ్రీకు పదమును కొన్ని చోట్ల ఆదరణ అనియు, కొన్ని చోట్ల హెచ్చరిక అనియు తర్జుమా చేసినారు. అందువలననే అపొస్తలుల కార్యములలో బర్నబా పేరునకు హెచ్చరిక పుత్రుడు అని అర్థము వ్రాసియున్నది.

నేడు హెచ్చరిక అనగానే మనకు కరెంటు స్తంభము మీది పుర్రె బొమ్మ జ్ఞాపకము వచ్చును. అందువలన బర్నబాను తలంచుకొని, ఆయన అందరిని గద్దించువాడు కాబోలు అని కొందరు అనుకొందురు. ఆయన అట్టివాడు కాడు. తన భూమిని అమ్మి, ఆ వెలను బీదల కొరకు అపొస్తలుల పాదముల యొద్ద పెట్టినవాడు. సౌలును నమ్మక శిష్యులందరు భయపడినప్పుడు అతనిని చేరదీసి, అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయినవాడు. సేవ మధ్యలో విడిచిపోయిన మార్కును ఇక పనికిరాడని పౌలు తలంచినప్పుడు, వెంటబెట్టుకొని ఓడ ఎక్కినవాడు. హెచ్చరిక అనగా ఇదే. పడినవాని ప్రక్కన నిలిచి, లేచుటకు చేయి ఇచ్చి, నీవు నడువగలవు అని చెప్పుట.

ఇక ఆదరణ అను మాటను మన పల్లెలలో ఎట్లు వాడుచున్నాము? "వాళ్లింట్లో మంచి ఆదరణ ఉంది" అందుము. అనగా ఏమి? పోగానే కాళ్లకు నీళ్లిచ్చినారు, మంచము వాల్చినారు, వేళకు అన్నము పెట్టినారు, మన మాట వినినారు. మన భాషలో ఆదరణ అనునది నోటి మాట మాత్రమే కాదు. అది గడప దగ్గర మొదలై కంచము వరకు వచ్చు కార్యము.

కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో పౌలు దేవుని సమస్తమైన ఆదరణకు మూలమని స్తుతించి, మనము పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించుటకు దేవుడు మనలను ఆదరించుచున్నాడని బోధించినాడు. అదే పత్రిక ఏడవ అధ్యాయములో తన సంగతి చెప్పుకొన్నాడు. మాసిదోనియలో ఆయనకు విశ్రాంతి లేదు. బయట పోరాటములు, లోపల భయములు. అప్పుడు దేవుడు ఆయనను ఎట్లు ఆదరించినాడు? దూతను పంపలేదు. దర్శనము ఇయ్యలేదు. తీతు వచ్చినాడు. తీతు వచ్చుటయే దేవుని ఆదరణ అని పౌలు వ్రాసినాడు. దారి ధూళి అంటిన కాళ్లతో తలుపు దగ్గర నిలిచిన ఒక స్నేహితుడే ఆ దినమున దేవుని జవాబు.

నేను ఈ దినమున చెప్పవలసిన ముఖ్యమైన మాట ఇదే. దేవుడు తన ఆదరణను తరచుగా మనుష్యుల చేతికిచ్చి పంపును. కాబట్టి ఆదరణ కొరకు కనిపెట్టుట మాత్రమే మన పని కాదు. ఎవరి ఇంటికో తీతుగా పోవుటయు మన పనియే.

3. ఏ దినపు వంతు ఆ దినమునకే

రెండవ సంగతి, దేవుడు బలమును దిన దినమునకు కొలిచి ఇచ్చును. అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఇచ్చినప్పుడు తలకొక ఓమెరు చొప్పున కూర్చుకొనవలెను. రేపటికని దాచుకొన్నది పురుగు పట్టినది. విశ్రాంతిదినమునకు ముందు మాత్రము రెండింతలు. ప్రభువు మనకు నేర్పిన ప్రార్థనలోను మనము అడుగునది నెలకు సరిపడు ధాన్యము కాదు, అనుదినాహారమే.

మనకు ఈ పద్ధతి ఇష్టముండదు. ఒకేసారి అప్పు తీరిపోవలెను, ఒకేసారి జబ్బు నయము కావలెను, ఒకేసారి ఉద్యోగము రావలెను అని కోరుదుము. అట్లు కోరుట తప్పు కాదు. కాని సారెపతు విధవరాలిని చూడండి. ఊరిలో కరువు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. తానును కుమారుడును తిని చనిపోవుదుమని పుల్లలు ఏరుకొనుచున్నది. ఏలీయా వచ్చిన తరువాత ఆమె ఇంటికి బస్తాలు రాలేదు. ఆమె ధనవంతురాలు కాలేదు. తొట్టి నిండిపోయెనని వాక్యము చెప్పలేదు. పిండి తక్కువ కాలేదు, నూనె అయిపోలేదు అని మాత్రమే చెప్పుచున్నది. అనగా ప్రతి ఉదయము ఆమె తొట్టిలో చేయి పెట్టినప్పుడు ఆ దినమునకు సరిపడునది దొరికినది. రేపటిది మాత్రము కనబడలేదు. ప్రతి ఉదయము ఆమె మరల నమ్మవలసి వచ్చినది. విశ్వాసము అనగా ఇదే అని నా మనవి. ఒకసారి నమ్మి ఊరకుండుట కాదు, ప్రతి ఉదయము తొట్టిలో చేయి పెట్టుట.

ఈ కథలో మరియొక సంగతి గలదు. ఆ విధవరాలు సహాయము పొందినది మాత్రమే కాదు, సహాయము చేసినదియు. ప్రవక్తకు మొదటి రొట్టె ఆమె చేతినుండియే పోయినది. మన తల్లులు ఈ మర్మమును బాగుగా ఎరుగుదురు. అన్నము వండుటకు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి, ప్రభువు కొరకు వేరొక కుండలో వేయుట మన తెలుగు సంఘములలో తరతరముల అలవాటు. ఆదివారమున ఆ బియ్యము మందిరమునకు వచ్చును. నెలజీతము ఎరుగని కూలి స్త్రీలు, తమకే ఒక పూట చాలనివారు, ఈ పిడికెళ్లతో ఉపదేశులను పోషించినారు, మందిరములు నిలబెట్టినారు.

ఈ పిడికెడు బియ్యము సంఘమునకు చేసిన మేలు గొప్పదే. అది ఆ తల్లికి చేసిన మేలు అంతకంటె గొప్పది. ఊరిలో అందరు ఆమెను అడుగుకొను దానిగా చూచినారు. ప్రభువు బల్ల దగ్గర ఆమె ఇచ్చునది అయినది. పేదరికము మనుష్యునినుండి మొదట దోచుకొనునది అన్నము కాదు, నేనును ఇయ్యగలను అను గౌరవము. పిడికెడు బియ్యము ఆ గౌరవమును తిరిగి ఇచ్చినది. కాబట్టి కష్టములో ఉన్న సహోదరుని పుచ్చుకొనువానిగా మాత్రమే చూడవద్దు. అతని ప్రార్థనను అడగండి, అతని సలహా అడగండి, అతని పిడికెడు తెచ్చుటకు చోటు ఇయ్యండి.

ఏలీయా కథనే ఇంకొంచెము ముందుకు చదివిన యెడల, ఆ గొప్ప ప్రవక్తయే అలసిపోయి, ఎడారిలో చెట్టు క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుము అని ప్రార్థించుట చూతుము. దేవుడు అతనికి ప్రసంగము చెప్పలేదు. నిద్ర ఇచ్చినాడు. దూత తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చినాడు. మరల నిద్ర, మరల భోజనము. మాటలు ఆ తరువాతనే. పంట పోయి, అప్పుల పాలై, బ్రతుకు చాలును అను మాట ఎవరి నోట వచ్చినను దానిని తేలికగా తీసికొనవద్దు. అది పాపమని వెంటనే వాదము పెట్టుకొనవద్దు. అతనిని ఒంటరిగా విడువవద్దు. పురుగుమందు డబ్బా ఇంటినుండి తీసివేయండి. అన్నము పెట్టండి, ప్రక్కన పడుకొనండి, తెల్లవారి వైద్యుని యొద్దకు తీసికొనిపోండి. 14416 అను టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. మానసిక వేదనలో ఉన్నవారికి సహాయము చేయుటకే ప్రభుత్వము 2022లో దానిని ప్రారంభించినది. చెట్టు క్రింద పడియున్నవానికి దూత చేసిన పని ఇదే.

4. రెండు విధములైన భారములు

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు ఒకరి భారముల నొకరు భరించవలెనని చెప్పి, మూడు వచనముల తరువాత ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెనని చెప్పినాడు. ఇది పరస్పర విరుద్ధము కాదా అని బైబిలు తరగతులలో పిల్లలు అడుగుదురు. గ్రీకులో ఇవి రెండు వేరు వేరు మాటలు. మొదటిది 'బారోస్', మనిషిని అణగద్రొక్కు భారము. రెండవది 'ఫోర్టియోన్', ఎవరి మూట వారు మోయవలసినది. పొలమునకు పోవునప్పుడు ఎవరి సద్దిమూట వారిదే. దానిని మరియొకని నెత్తిన పెట్టకూడదు. కాని గడ్డిమోపు నెత్తికి ఎత్తుకొనవలెననిన ఎంత బలవంతునికైనను మరియొకరి చేయి కావలెను. త్రాగుడు మానుట, దుబారా మానుట, పిల్లలను బడికి పంపుట ఇవి మన సద్దిమూటలు. కరువు, రోగము, మరణము ఇవి గడ్డిమోపులు. ఒక్కడే ఎత్తుకొనలేడు.

మన తెలుగు దేశపు సంఘ చరిత్ర ఈ మోపు ఎత్తిన చరిత్రయే. మన ముసలివారు ధాత కరువు అని చెప్పుకొనిన 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతమున జనులు ఆకలికి కూలిపోవుచుండగా, బాప్టిస్టు మిషనరీ అయిన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని కంట్రాక్టుకు తీసికొని, వారికి కూలి కల్పించినారు. ఆ కాలములో బాప్తిస్మము అడిగినవారు అనేకులు. కూటి కొరకు చేరినారను మాట రాకూడదని ఆయన కరువు సహాయము ముగియువరకు ఆపినారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ గొప్ప సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ సంఖ్య వెనుక పార పట్టిన చేతులు, తట్ట మోసిన నెత్తులు ఉన్నవని మరువకూడదు. మెదకు మహా దేవాలయము సంగతియు అట్టిదే. పాస్నెట్ దొరగారు కరువు కాలమున ఊరక దానము చేయుటకు బదులు, ఆ కట్టుబడిలో పని ఇచ్చి జనులను పోషించినారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయబడిన ఆ గోపురమును చూచువారు దాని ఎత్తును చూతురు. దాని రాళ్ల మధ్య ఆకలిగొన్నవారి అన్నమును ఉన్నది.

అయితే పని ఇచ్చుట, అన్నము పెట్టుట కూడ పూర్తి ఆదరణ కాదు. 1910లో ఎడింబరోలో జరిగిన లోక మిషనరీ మహాసభలో ముప్పది అయిదేండ్ల వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు లేచి, మిషనరీల త్యాగములకు కృతజ్ఞత చెప్పి, మాకు స్నేహితులను ఇయ్యండి అను భావముతో మనవి చేసినారు. వినినవారిలో కొందరికి ఆ మాట నొప్పి కలిగించినది. రెండేండ్ల తరువాత, 1912 డిసెంబరు 29న, ఆయనయే దోర్నకల్లు అధ్యక్షులుగా, భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషేకము పొందినారు. ఆ మాట నేడు మిషనరీలకు కాదు, మనకు వర్తించును. మనలో ఉద్యోగస్థులు కూలివారికి స్నేహితులా? పట్నపు సంఘములు పల్లె సంఘములకు స్నేహితులా? ఈ పల్లె, ఆ పల్లె అను తేడాలు మందిరపు చాప మీద కూడ కనబడుచుండగా, ఆదరణను గూర్చి పాడుటకు మనకు నోరెట్లు వచ్చును? చందా ఇచ్చుట సులభము. ఒకే చాప మీద కూర్చుండుట కష్టము. ఆదరణ చాప మీదనే మొదలగును.

5. మనము చేయవలసినది

ఈ ఉత్సవము ముగిసి, పందిళ్లు విప్పిన తరువాత మనము చేయదగినవి కొన్ని మీ ముందుంచుచున్నాను. ఇవి గొప్ప పథకములు కావు.

ఒకటి. మన ప్రార్థన కూటములలో కష్టము చెప్పుకొనుటకు సిగ్గు లేకుండ చేయవలెను. చెప్పుకొన్న కష్టము మరునాడు బావి దగ్గరకో టీ కొట్టు దగ్గరకో పోయిన యెడల ఎవరును మరల నోరు తెరవరు. వినిన చెవికి తాళము ఉండవలెను.

రెండు. రెండు మూడు ఆదివారములు కనబడనివారి ఇంటికి సంఘ పెద్దలు పోవలెను. ఎందుకు రాలేదని నిలదీయుటకు కాదు, ఎట్లున్నారని అడుగుటకు. కానుక వేయుటకు డబ్బు లేక, మంచి బట్ట లేక మానినవారును మనలో కలరు.

మూడు. మనమే మన మీద వేసికొను భారములను తగ్గించుకొనవలెను. పెండ్లికి, గృహప్రవేశమునకు, పండుగ బట్టలకు, సమాధి కార్యక్రమపు భోజనములకు అప్పు చేసి, ఆ అప్పు తీర్చుటకు దేవుని వేడుకొనుట మన సంఘములలో సాధారణమైపోయినది. కలిగినవారు ముందుగా తమ ఇండ్లలో పెండ్లిని తేలికగా జరిపిన యెడల లేనివారికి ధైర్యము వచ్చును. కట్నము అడుగునింట ఆదరణ అను మాటకు చోటు లేదు.

నాలుగు. మతపు గడి దగ్గర కలము ఆగిన ఆ యువకుని తీర్పు తీర్చుటకు తొందరపడవద్దు. హక్కు కొరకు చట్టబద్ధముగా అడుగుట మన పని. అతని ప్రక్కన కూర్చుండుట అంతకంటె ముందు పని. ఏ కాగితము మీద ఏమి వ్రాసినను, ప్రభువు బల్ల దగ్గర అతనికి ఒక చోటు ఉన్నదని అతనికి తెలియవలెను. మన సంఘములలో చదువుకొన్నవారు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు సాయంకాలము రెండు గంటలు పిల్లలకు చదువు చెప్పిన యెడల, అదియు ఒక పిడికెడు బియ్యమే.

అయిదు. రోగుల వెంట పోవువారు కావలెను. ఇందాక చెప్పిన ఆ తల్లి సంగతి పూర్తిగా చెప్పెదను. ఆమె కుమారుడు స్వస్థుడు కాలేదు. నేటికిని వారమునకు రెండుసార్లు పట్నము పోవుచున్నాడు. అయితే ఆమె ఒంటరిగా పోవుట లేదు. ఆ ఊరి స్త్రీల కూడికలో వంతులు వేసికొన్నారు. ఒక వారము ఒకరు బస్సులో తోడు పోదురు, మరియొకరు ఆ ఇంటి పశువులకు నీళ్లు పెట్టుదురు, ఇంకొకరు అన్నము కట్టి ఇత్తురు. ఎవరును అద్భుతములు చేయలేదు. కాని ఆమె ఆదివారము మందిరమునకు వచ్చుచున్నది. చేతి సంచిలో ఆమె పిడికెడు బియ్యమును వచ్చుచున్నది. మొదట మేలు పొందిన ఆమెయే ఇప్పుడు, ప్రక్క వీధిలో భర్తను పోగొట్టుకొన్న మరియొక స్త్రీ ఇంటికి వారము వారము పోయి కూర్చుండుచున్నది. దేవుడు ఇచ్చిన ఆదరణతో ఇతరులను ఆదరించుట అని పౌలు చెప్పినది మా పాస్టరేటులో ఈ విధముగా నెరవేరినది.

ప్రియులారా, రానున్న నూరేండ్లలో మన అధ్యక్ష మండలము ఎన్ని మందిరములు కట్టునో, ఎన్ని సంస్థలు నడుపునో నేను ఎరుగను. కష్టములు మాత్రము ఉండును. వానలు కొన్నిసార్లు తప్పును, రోగములు వచ్చును, పిల్లలు దూర దేశములకు పోవుదురు, వృద్ధులు ఒంటరివారగుదురు. వాటి మధ్య మన ప్రభువు మనలను విడువడు. ఆయన తానే వడ్రంగి ఇంట పెరిగి, అలసి బావి దగ్గర కూర్చుండి, స్నేహితుని సమాధి దగ్గర కన్నీరు విడిచి, సిలువ మీద దప్పిగొన్నవాడు. మన దిన దినపు పోరాటము ఆయనకు క్రొత్త కాదు. తిరిగి లేచిన ఆయన తన శిష్యుల కొరకు సముద్రతీరమున నిప్పులు పోసి, చేపలు కాల్చి, రాత్రంతయు శ్రమపడి వచ్చినవారిని భోజనమునకు పిలిచినాడు. మరణమును జయించిన ప్రభువు చేసిన పని ఇది. అలసినవారికి అన్నము వండినాడు.

కాబట్టి ఈ వారము మీలో ప్రతి ఒక్కరును ఒక ఇంటి తలుపు తట్టండి. ఒక్కటి చాలును. గొప్ప మాటలు సిద్ధము చేసికొనవద్దు. పోయి కూర్చుండండి, వినండి, చేతనైనది చేయండి, కలిసి ప్రార్థించండి. మీ ఇంటి తలుపు ఎవరైనను తట్టిన యెడల, కష్టమును దాచుకొనక తలుపు తీయండి. ఆ వచ్చినవాడు మీ తీతు కావచ్చును.

సమస్తమైన ఆదరణను అనుగ్రహించు దేవుడు మీ తొట్టిలో ఆ దినపు పిండిని, మీ హృదయములో ఆ దినపు బలమును, మీ ప్రక్కన ఒక తోడును దయచేయును గాక. మిమ్మును ఇతరుల ప్రక్కన తోడుగా నిలుపును గాక. ఆమేన్.